అడిగి పెట్టుటయే ఆదరము

ఇంటికి వచ్చిన బిడ్డకు పాలో, పెరుగో పెట్టక పంపుట మన సీమలో మర్యాద కాదు. పుంగనూరు పొట్టి ఆవు పాలలోని వెన్న దేశమంతటను ప్రసిద్ధము. ఇట్టి చోట నొక పసివానికి పాలు కీడు చేయునని చెప్పిన నమ్మువా రెందరు?

మా మనుమనికి మూడవయేట, మదనపల్లె నుండి కుప్పమునకు పెండ్లికి పోవుచు, త్రోవలో పుంగనూరున బంధువుల యింట దిగితిమి. పాలు పెట్టవలదని తల్లి చెప్పినను, ఒక యవ్వ "ఇది నాటావు పాలు, ఏమియు కాదులే తల్లీ" యని పాలబువ్వ యొక ముద్ద పెట్టెను. నిమిషములలో వాని పెదవులు వాచెను. ఒడలెల్ల దద్దు లెక్కెను. ఊపిరి యాడుట కష్టమయ్యెను. వైద్యుడు సూది వేసిన పిమ్మట గాని మా మనసులు కుదుటపడలేదు. అవ్వ ఏడ్చెను. ఆమె ప్రేమను నేను నిందింపను. తల్లి మాటకంటె తన వాడుకను ఎక్కువ నమ్మినదనియే నా బాధ.

పాలలోని చక్కెర జీర్ణము గాక కడుపు ఉబ్బుట వేరు. ఈ అలర్జీ వేరు. పాలలోని మాంసకృత్తులను శరీరము శత్రువులని భ్రమించి పోరాడుటయే దీని కారణము. కావున నాటావు పాలైనను, సీమావు పాలైనను భేదము లేదు. మేకపాలు, గేదెపాలు సైతము ఇట్టి బిడ్డలలో పెక్కండ్రకు పడవు. కాచినంత మాత్రమున దోషము పోదు. పెరుగు, మజ్జిగ, కోవా, తుదకు నేతిలో మిగిలిన కొలదిపాటి అంశమును గూడ శంకింపవలసినదే.

"దినమున కొక చుక్క పోసిన అదియే అలవాటగును" అని కొందరు పెద్దలందురు. అట్టి పరీక్ష వైద్యుని యెదుట, అతడు చెప్పిన కొలతతో మాత్రమే జరుగవలెను. పెక్కుమంది పిల్లలకు వయసుతో ఈ బాధ తగ్గును. ఎప్పుడు తగ్గినదో నిర్ణయించుట మన పని కాదు. ఊపిరి యాడకున్నను, సొమ్మసిల్లినను ఇంటి వైద్యముతో కాలము పుచ్చక 108కి తెలుపవలెను.

పాలు లేకున్న బిడ్డ బలపడునా యని తల్లులు దిగులు పడనక్కరలేదు. మన రాగులలో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా సున్నము గలదు. సంగటి, మునగాకు, గ్రుడ్డు, పప్పు ఎదిగిన బిడ్డకు తోడ్పడును. ఏడాది నిండని శిశువునకు మాత్రము వైద్యుడు చెప్పిన ఆహారమే యియ్యవలెను.

మూడు భాషలు కలిసెడి కుప్పమున మేము పెండ్లి వంటవారిని పాలు, పాల్, హాలు అని మూడు విధముల నడిగితిమి. వారు విసుగుకొనక పెరుగు కలియని కూర వేరు గరిటెతో దీసి యిచ్చిరి.

విద్యార్థులారా! 2020 నాటి నిబంధనల ప్రకారము పొట్లములపై పాలున్నవని ముద్రింపవలెను. అవ్వలకు చదివి వినిపించుట మీ వంతు. తోటివాడు మీ తినుబండారము వలదన్న బలవంతపెట్టకుడు, పరిహసింపకుడు.

ఇప్పుడా యవ్వ మేము గడప త్రొక్కక మునుపే "బిడ్డకేమి పెట్టవచ్చును?" అని యడుగుచున్నది. అంతకు మించిన మర్యాద మాకక్కరలేదు.