తెర మీద మంచి యుద్ధం... చెడ్డ యుద్ధం

యుద్ధం సినిమాల అభిమానులు నలుగురు ఒకచోట చేరారంటే కాల్పులు మొదలైనట్టే. 'అన్నిటికన్నా గొప్పది ఏది?' అని ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. కాఫీ కప్పు కింద పెట్టకుండానే 'గన్స్ ఆఫ్ నవరోన్' అని పెద్దాయన తీర్పు చెప్పేస్తారు. 'అదేం యుద్ధం సినిమా అంకుల్, సాహసాల సినిమా. సేవింగ్ ప్రైవేట్ ర్యాన్ ముందు నిలబడుతుందా?' అని ఇంజినీరింగ్ చదివే కుర్రాడు అందుకుంటాడు. ఇంకొకరు 'బోర్డర్' అంటారు. అప్పుడు వంటింట్లోంచి ఓ గొంతు వినిపిస్తుంది. 'మహాభారతాన్ని మించిన యుద్ధం సినిమా ఉందా మీకు?' అందరూ గప్‌చుప్!

ఆ ప్రశ్న కొట్టిపారేసేదేం కాదు. మనకు తెర మీద యుద్ధమంటే చాలాకాలం విల్లు, గద, రథమే. 1977 సంక్రాంతికి ఒకే రోజున, జనవరి 14న, ఎన్టీఆర్ 'దాన వీర శూర కర్ణ', కృష్ణ 'కురుక్షేత్రం' విడుదలయ్యాయి. తెర మీద కురుక్షేత్రం సంగతి అటుంచి, థియేటర్ల దగ్గర జరిగింది అంతకన్నా పెద్ద కురుక్షేత్రం. అంతకుముందు 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం'లో ఫిరంగులు పేలాయి కానీ, మనవాళ్లకు గుర్తుండిపోయింది మాత్రం తాండ్ర పాపారాయుడిగా ఎస్వీఆర్ నిలబడిన తీరు. ట్యాంకులు, విమానాలు, కందకాలు ఉన్న యుద్ధాన్ని మాత్రం ఎక్కువగా ఇంగ్లిషు సినిమాల్లోనే చూశాం. అందుకే ఈ వాదనల్లో ఇంగ్లిషు పేర్లే ముందు వినిపిస్తాయి.

ఈ అభిమానుల్లో ఒక తెగ ఉంది. గుండీలు లెక్కపెట్టే తెగ. సైనికుడి చొక్కాకు గుండీలెన్ని, ట్యాంకు ఏ మోడల్, తుపాకీ ఏ సంవత్సరానిది... వీళ్లకు ఇవే ముఖ్యం. 'వేర్ ఈగిల్స్ డేర్' (1968) పేరెత్తితే చాలు, అందులోని హెలికాప్టర్‌ని పట్టుకుంటారు. ఆ రకం బెల్ హెలికాప్టర్ మొదటిసారి గాల్లోకి లేచిందే 1945 డిసెంబరులో. అప్పటికి యుద్ధం ముగిసిపోయింది. మరి జర్మన్ల కోటలో అది ఎలా దిగింది? ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ సినిమా మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా కట్టుకథ. రిచర్డ్ బర్టన్, క్లింట్ ఈస్ట్‌వుడ్ కలిసి అంతమంది జర్మన్లను పిట్టల్లా కాల్చేస్తుంటే నోరు మూసుకుని నమ్మిన మనం, ఒక్క హెలికాప్టర్ దగ్గర ఆగి అలగడం ఏం బాగుంటుంది?

'బ్యాటిల్ ఆఫ్ ది బల్జ్' (1965) సంగతి వేరు. అది నిజంగా జరిగిన యుద్ధం పేరు పెట్టుకుని వచ్చింది. 1944 డిసెంబరులో ఆర్డెన్స్ అడవుల్లో, మోకాలి లోతు మంచులో, పొగమంచులో దారి తెలియక వేలమంది చచ్చిపోయిన పోరాటం అది. సినిమాను తీసింది స్పెయిన్‌లో. ఆఖరి ట్యాంకుల పోరు ఎండకు మాడిన మైదానంలో సాగుతుంది. జర్మన్ల టైగర్ ట్యాంకులని చూపించినవి నిజానికి యుద్ధం తర్వాత తయారైన అమెరికా ప్యాటన్ ట్యాంకులు. అక్కడ చలికి కాళ్లు కొరుక్కుపోయిన మనుషులు బతికుండగానే ఆ సినిమా వచ్చింది. గుండీల తెగతో నేను చేతులు కలిపేది ఇక్కడే.

ఇక అందరూ ఒప్పుకునే గొప్ప సినిమా 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' (1957). డేవిడ్ లీన్ దర్శకుడు. ఏడు ఆస్కార్లు. ఈల వేసుకుంటూ కవాతు చేసే ఖైదీల దృశ్యం చూడనివాళ్లకు కూడా ఆ ఈల తెలుసు. జపాన్ వాళ్లకు చిక్కిన ఒక బ్రిటిష్ కల్నల్, క్రమశిక్షణ పిచ్చిలో పడి శత్రువు కోసమే బ్రహ్మాండమైన వంతెన కట్టిపెడతాడు. ఆ వేషంలో అలెక్ గిన్నెస్ నటనకు వంక పెట్టలేం. సినిమాగా నాకూ ఇష్టమే. కానీ ఈ సినిమా మీద నాకున్న కోపం కూడా చిన్నదేం కాదు.

ముందు వంతెన సంగతి. సినిమాలోది శ్రీలంకలోని కితుల్‌గల దగ్గర నది మీద కట్టిన చెక్క వంతెన. నిజమైన రైలుతో సహా నిజంగానే పేల్చేశారు. అసలు వంతెన థాయ్‌లాండ్‌లోని కాంచనబురి దగ్గర ఉంది. ఇనుప వంతెన. కమాండోలెవరూ దాన్ని పేల్చలేదు. 1945లో విమానాలు బాంబులు వేస్తే దెబ్బతింది, తర్వాత బాగుచేశారు, ఇప్పటికీ రైలు నడుస్తోంది. తమాషా ఏమిటంటే, ఆ వంతెన కింద పారే నది పేరు అప్పట్లో క్వాయ్ కాదు, మే క్లాంగ్. సినిమా చూసి వచ్చిన యాత్రికులు 'క్వాయ్ నది ఎక్కడ?' అని అడగడం మొదలుపెట్టాక 1960 ప్రాంతంలో నది పేరే మార్చేశారు. సినిమా కోసం నది పేరు మారడం ఎక్కడైనా విన్నారా!

మూలకథ రాసిన ఫ్రెంచి రచయిత పియరీ బూల్. స్క్రీన్‌ప్లే ఆస్కార్ కూడా ఆయనకే ఇచ్చారు. కానీ ఆ స్క్రీన్‌ప్లే ఆయన రాసింది కాదు. రాసిన కార్ల్ ఫోర్‌మన్, మైకేల్ విల్సన్ ఇద్దరూ కమ్యూనిస్టులన్న ముద్రతో హాలీవుడ్ నల్లజాబితాలో ఉన్నారు. వాళ్ల పేర్లు వేయలేదు. 1984లో ఆస్కార్ వాళ్లు తప్పు దిద్దుకుని బహుమతి ఇచ్చేసరికి ఇద్దరూ కన్నుమూశారు. అక్కడ నిజంగా ఖైదీలకు నాయకుడిగా ఉన్న అధికారి ఫిలిప్ టూసీ కూడా సినిమా కల్నల్‌కు పూర్తిగా వ్యతిరేకం. తనవాళ్ల ప్రాణాలు కాపాడుకుంటూనే వంతెన పని ఎంత వెనక్కి లాగొచ్చో అంతా లాగాడు. శత్రువుకు కొమ్ముకాసినవాడిలా చూపించారని అక్కడ బతికి బయటపడ్డ ఖైదీలు చాలామంది బాధపడ్డారు.

నా కోపం ఇంతటితో ఆగదు. ఆ వంతెన ఉన్నది బర్మా-థాయ్‌లాండ్ రైలు మార్గం మీద. సుమారు 415 కిలోమీటర్లు. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరు కల్లా పూర్తి చేశారు. దానికి పెట్టిన పేరే 'మృత్యు రైలు మార్గం'. పనిచేసిన యుద్ధఖైదీలు 60 వేలకు పైమాటే, వారిలో 12 వేలకు పైగా చనిపోయారు. వాళ్లతోపాటు పనిచేసిన ఆసియా కూలీలు? దాదాపు 2 లక్షలమంది. చనిపోయినవాళ్లు 90 వేల దాకా ఉంటారని అంచనా. ఖైదీల కన్నా ఎన్నో రెట్లు. వీళ్లలో బర్మా వాళ్లు, జావా వాళ్లతోపాటు మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన భారతీయ కూలీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఎక్కువమంది తమిళులు. తెలుగువాళ్లూ ఉన్నారు. పొట్ట చేతపట్టుకుని కోస్తా జిల్లాల నుంచి ఓడలెక్కి మలయా తోటలకు వెళ్లిన కుటుంబాల వాళ్లు. కలరా వస్తే వాళ్లకు వైద్యుడు లేడు, అధికారి లేడు, లెక్క రాసే గుమస్తా కూడా లేడు.

కాంచనబురిలో యుద్ధఖైదీల స్మశానం ఉంది. దాదాపు 7 వేల సమాధులు, పేర్లు చెక్కిన ఫలకాలు, కత్తిరించిన పచ్చిక. ఆ కూలీలకు మాత్రం పేరు పేరునా అలాంటి వరుసలు లేవు. ఏడు ఆస్కార్ల సినిమాలోనూ వాళ్ల జాడ లేదు. రెండున్నర గంటల పైచిలుకు సినిమాలో మనవాడు ఒక్కడు గమేళా మోస్తూ కనిపించినా సరిపోయేది. నది పేరు మార్చగల సినిమాకు అదేమంత కష్టమైన పనా?

మన సినిమాల దగ్గరకు వద్దాం. జె.పి.దత్తా 'బోర్డర్' (1997) చూసి కళ్లు తుడుచుకోనివాళ్లు తక్కువ. 1971 డిసెంబరు 4 రాత్రి రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా చౌకీ మీదికి పాకిస్థాన్ ట్యాంకులు దూసుకొచ్చాయి. మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి దగ్గరున్నది సుమారు 120 మంది. తెల్లవారేదాకా నిలబడ్డారు. వెలుగు రాగానే జైసల్మేర్ నుంచి హంటర్ విమానాలు వచ్చి ట్యాంకుల్ని తుక్కు చేశాయి. చాంద్‌పురికి మహావీర చక్ర ఇచ్చారు. ఇంతవరకూ నిజమే. సినిమాలో ఒకరి తర్వాత ఒకరు నేలకొరుగుతుంటారు. నిజంగా ఆ చౌకీలో మరణించింది ఇద్దరు. అంత తక్కువ నష్టంతో నిలబడటమే కదా అసలు ఘనకార్యం! దర్శకుడికి అది చాల్లేదు, కన్నీళ్లు కావాలి.

సునీల్ శెట్టి వేసిన భైరోన్ సింగ్ పాత్ర మందుపాతర పట్టుకుని ట్యాంకు మీదికి ఉరికి ప్రాణాలిస్తుంది. అసలు భైరోన్ సింగ్ రాథోడ్ సరిహద్దు భద్రతా దళం జవాను. ఆ రాత్రి తుపాకీతో పోరాడి, సేనా పతకం అందుకుని, ఇంటికొచ్చారు. దేశమంతా తన చావు చూసి ఏడ్చాక మరో పాతికేళ్లు బతికి, 2022 డిసెంబరులో జోధ్‌పూర్‌లో కన్నుమూశారు. బతికున్న మనిషిని అసలు పేరుతోనే చంపేశారు. అందుకే పాటలెంత బాగున్నా నా జాబితాలో 'బోర్డర్'కి మార్కులు కోత పడతాయి. చేతన్ ఆనంద్ 1964లో లడఖ్ వెళ్లి తీసిన 'హకీకత్' నయం. 1962లో ఓడిపోయిన యుద్ధం గురించి రెండేళ్లకే సినిమా తీయడానికి ధైర్యం కావాలి. 2003లో దత్తాగారే తీసిన 'ఎల్ఓసీ కార్గిల్' నాలుగు గంటల పైన ఉంటుంది. ఓపిక ఉన్నవాళ్లకు నమస్కారం.

తెలుగులో 'కంచె' (2015) రెండో ప్రపంచ యుద్ధంలోకి మన కుర్రాణ్ని పంపింది. 'ఘాజీ' (2017) విశాఖ సముద్రంలోకి దిగింది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లోనే పాక్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. లోపల 90 మందికి పైగా ఉన్నారు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీలకు మునిగిందని మన నౌకాదళం, లోపలే ఏదో పేలి మునిగిందని పాకిస్థాన్ అంటాయి. సినిమా మన జలాంతర్గామితో పోరాటం పెట్టి కథ అల్లుకుంది. ఆర్కే బీచ్‌లో కురుసుర మ్యూజియం లోపలికి పిల్లల్ని తీసుకెళ్లి, తలుపు కన్నంలోంచి నడుం వంచి దూరినవాళ్లకు ఆ ఇరుకు తెలుసు. సంకల్ప్ రెడ్డి ఆ ఇరుకును బాగా పట్టుకున్నారు. అవతలి కెప్టెన్‌ని మాత్రం మామూలు విలన్ చేశారు. జర్మన్ సినిమా 'దాస్ బూట్' (1981) చూడండి. అందులో జలాంతర్గామి హిట్లర్ సేనది. అయినా అది సముద్రం అడుగున ఇరుక్కుని మేకులు తుపాకీ గుండ్లలా ఎగిరిపడుతుంటే, వాళ్లు బయటపడాలని మనమే ఊపిరి బిగబట్టుకుంటాం.

చెత్త సినిమా ఏదన్న ప్రశ్నకు నా ఓటు 'పెర్ల్ హార్బర్' (2001). 1941 డిసెంబరు 7న 2,400 మందికి పైగా అమెరికన్లు చనిపోయిన ఘటనను ఇద్దరు స్నేహితులు, ఒక నర్సు ప్రేమకథకు సెట్టింగుగా వాడుకున్న సినిమా. మూడు గంటలు! అదే దాడి మీద 1970లో అమెరికా, జపాన్ కలిసి తీసిన 'తొరా తొరా తొరా'లో ప్రేమ లేదు, పాటల్లేవు. రెండు వైపులా జరిగిన తప్పులు మాత్రం వరుసగా చూపిస్తుంది. కొందరికి నెమ్మదిగా అనిపిస్తుంది. నాకు అనిపించలేదు.

యుద్ధాన్ని నిజంగా వ్యతిరేకించే సినిమాను తానెప్పుడూ చూడలేదని ఫ్రెంచి దర్శకుడు ట్రూఫో అనేవాడు. తెర మీద పేలుడు ఎంతైనా అందంగా ఉంటుంది మరి. 'జార్‌హెడ్' (2005)లో ఒక సన్నివేశం ఉంది. గల్ఫ్ యుద్ధానికి వెళ్లబోయే కుర్ర సైనికులకు 'అపోకలిప్స్ నౌ' (1979) వేస్తారు. యుద్ధం ఎంత పిచ్చిదో చెప్పడానికి కొప్పోలా తీసిన హెలికాప్టర్ల దాడి చూసి వాళ్లు లేచి ఈలలు వేస్తారు.

అయినా ట్రూఫోకు జవాబుగా ఒక నటుణ్ని చూపించవచ్చు. 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' (1930)లో జర్మన్ కుర్ర సైనికుడిగా వేసిన లూ ఐర్స్. ఆ సినిమా బెర్లిన్‌లో ఆడుతుంటే నాజీలు హాల్లో తెల్ల ఎలుకలు వదిలి, కంపు బాంబులు వేసి ఆపించారు. కొన్ని రోజులకే అక్కడ నిషేధించారు. ఐర్స్ మాత్రం ఆ పాత్రను మర్చిపోలేదు. రెండో ప్రపంచ యుద్ధానికి పిలుపు వస్తే మనిషిని చంపనన్నాడు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి, థియేటర్ల వాళ్లు అతని సినిమాలు తీసేశారు. తర్వాత వైద్య దళంలో చేరి పసిఫిక్ దీవుల్లో గాయపడ్డవాళ్లకు కట్లు కట్టాడు.

ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గది ఒకటి చెప్పమంటారా? 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' మొదటి పాతిక నిమిషాలు చిన్నపిల్లలకు వద్దు. రష్యన్ 'కమ్ అండ్ సీ' (1985) అయితే పెద్దవాళ్లకే నిద్ర పట్టనివ్వదు. అదే రష్యా నుంచి 1959లో వచ్చిన 'బాలడ్ ఆఫ్ ఎ సోల్జర్' వెతికి చూడండి. ఒకప్పుడు మన ఫిల్మ్ సొసైటీల పుణ్యాన చూసిన పెద్దవాళ్లు మీ ఇంట్లోనే ఉండొచ్చు. తీసిన గ్రిగొరి చుఖ్రాయ్ స్వయంగా యుద్ధంలో గాయపడ్డవాడు. కథ ఇంతే. పంతొమ్మిదేళ్ల అల్యోషా భయంతోనే రెండు ట్యాంకులను పేలుస్తాడు. పతకం ఇస్తామంటే వద్దు, సెలవివ్వండి, అమ్మ ఇంటికప్పు కారుతోందట అంటాడు. జనరల్ ఆరు రోజులిస్తాడు. పోవడానికి రెండు, రావడానికి రెండు, కప్పు బాగుచెయ్యడానికి రెండు. దారిలో కాలు పోయిన సైనికుడికి తోడుంటాడు, ఎవరిదో సబ్బు ఎవరికో చేరుస్తాడు, రైల్లో ఒక అమ్మాయి పరిచయమవుతుంది, పట్టాల మీద బాంబులు పడతాయి. ఊరు చేరేసరికి మిగిలింది కొద్ది నిమిషాలు. పొలంలోంచి అమ్మ పరుగెత్తుకొస్తుంది. గడ్డం గీసుకుంటున్నావా, సిగరెట్ తాగుతున్నావా అని అడుగుతుంది. బయట లారీ హారన్ మోగుతూనే ఉంటుంది. ఇంటికప్పు అలాగే ఉండిపోతుంది.