నవ్వు ఎవరి పక్షం?

నవ్వుకు వర్గం లేదనీ, నవ్వు మనుషులందరినీ ఒకటి చేస్తుందనీ మన సాహిత్య సభల్లో తరచుగా వినవస్తూ ఉంటుంది. ఇది ఎంతమాత్రమూ నిజం కాదు. నవ్వేవాడొకడు, నవ్వులపాలయ్యేవాడొకడు ఉన్నంతకాలం నవ్వుకు పక్షం ఉండి తీరుతుంది. అది ఏ పక్షమో తేల్చడం విమర్శకుని పని. కులం విషయంలో మన అభ్యుదయ విమర్శ ఈ పని కొంతవరకు చేసింది. స్త్రీ విషయంలో ఆలస్యంగానైనా చేసింది. స్వలింగ ప్రేమికుల విషయంలోనూ, హిజ్రాల విషయంలోనూ మొదలుపెట్టడానికే మొగమాట పడుతున్నది.

మెల్‌బోర్న్‌లో 1988 నుంచి ‘మిడ్‌సమ్మా’ అనే క్వీర్ కళోత్సవం జరుగుతున్నది. ఆస్కార్ వైల్డ్ పుట్టి నూట యాభై ఏళ్లయిన సందర్భంగా డబ్లిన్‌లో 2004లో ఇటువంటి నాటకోత్సవమే ఒకటి పుట్టింది. ఇలాంటి వేదికల మీద ఒంటరి హాస్య ప్రదర్శన తరచుగా కనిపిస్తుందంటే అందుకు కారణం శిల్పం కంటె ఎక్కువగా ఆర్థికం. తెరలు అక్కరలేదు, బృందం అక్కరలేదు. ఒక మనిషీ, ఒక మైకూ, ఒక గంటా ఉంటే చాలు. నాటకశాలలు తలుపు తియ్యని మనిషికి అది చవకగా దొరికే రంగస్థలం. అక్కడ ఎదురుగా కూర్చునేవారిలో చాలామంది తనవాళ్లే. అసలు పరీక్ష ఆ హాలు దాటి బయటికి వచ్చినప్పుడు మొదలవుతుంది. బయటి ప్రేక్షకుడు టిక్కెట్టు కొని వస్తాడు. వేదిక మీది మనిషి మాత్రం తన పరువుతో ఆ వేదికను కొనుక్కోవలసి వస్తుంది. తనను తానే ఎగతాళి చేసుకొంటేనే అక్కడ నిలబడనిస్తారు.

ఆ బేరాన్ని వేదిక మీదనే తెంపుకొన్న ప్రదర్శన ఒకటి వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన హన్నా గాడ్స్‌బీ 2017లో ప్రదర్శించిన ‘నానెట్’ను గురించి చెబుతున్నాను. (గాడ్స్‌బీ తనకు ఆడ మగ తేడా లేని సర్వనామమే వాడమంటారు. మన గౌరవ బహువచనం ఆ ప్రశ్న ఏనాడూ అడగలేదు కనుక తెలుగులో మనకు చిక్కు లేదు.) గాడ్స్‌బీ పుట్టిపెరిగింది టాస్మేనియాలో. స్వలింగ సంబంధం నేరం కాదని ఆ రాష్ట్రం 1997లో గాని ఒప్పుకోలేదు. ఆస్ట్రేలియాలో చిట్టచివరిది అదే.

ప్రదర్శన మొదట్లో ఒక బస్‌స్టాపు కథ వస్తుంది. గాడ్స్‌బీ ఒక అమ్మాయితో మాట్లాడుతూ ఉంటే ఆ అమ్మాయి ప్రియుడు చూసి, ఎవడో మగవాడనుకొని కొట్టడానికి మీదికి వస్తాడు. ఆడమనిషని తెలియగానే, ఆడవాళ్లను కొట్టనంటూ క్షమాపణ చెప్పి తప్పుకుంటాడు. హాలంతా గొల్లుమంటుంది. తరువాత గాడ్స్‌బీ తన వృత్తి రహస్యం విప్పి చెబుతారు. హాస్యోక్తికి రెండే భాగాలు. ప్రేక్షకుని గుండెలో బిగువు కలిగించడం ఒకటి, దాన్ని సడలించడం రెండోది. కథకు మూడు భాగాలుంటాయి. నవ్వించాలంటే మూడోదాన్ని కోసి పారెయ్యాలి. చివరికి ఆ మూడో భాగం చెబుతారు. అతడు వెళ్లిపోలేదు, తిరిగి వచ్చాడు. చావబాదాడు. ఎవరూ అడ్డుపడలేదు. గాడ్స్‌బీ పోలీసుల దగ్గరకు వెళ్లలేదు, ఆస్పత్రికీ వెళ్లలేదు. తన బతుకు విలువ అంతేనని అప్పటికే నమ్మి ఉన్నారు. ఈసారి బిగువును సడలించరు. దాన్ని మీరే మోసుకొని ఇంటికి పొమ్మంటారు.

ఇది హాస్యం కాదు, ఉపన్యాసం అని చాలామంది ఆక్షేపించారు. మనవాళ్లలో శిల్పాభిమానులూ అదే అన్నారు. ఒకే కథను రెండుసార్లు చెప్పి, మొదటిసారి నవ్వినవాణ్ణి రెండోసారి తన నవ్వుకు జవాబుదారీ చెయ్యడం శిల్పం కాకపోతే శిల్పమనేది మరేమిటో వారే సెలవియ్యాలి. వస్తువు తనకు కావలసిన రూపాన్ని బద్దలుకొట్టి తీసుకొన్న సందర్భమిది.

మెల్‌బోర్న్ హాస్యోత్సవంలో ఆ సంవత్సరం దీనికి ఇచ్చిన ప్రధాన బహుమతి పేరు ‘బ్యారీ’. ఆడవేషం వేసి ప్రపంచాన్ని నవ్వించిన బ్యారీ హంఫ్రీస్ పేరది. ట్రాన్స్‌జెండర్ల మీద ఆయన చేసిన వ్యాఖ్యల దుమారం తరువాత 2019లో ఆ పేరు తీసివేశారు. మగవాడు కట్టిన చీరకు చప్పట్లు, చీర కట్టుకొని బతకదలచిన మనిషికి రాళ్లు. ఈ న్యాయం ఆస్ట్రేలియాది మాత్రమేనా? స్థానం నరసింహారావుగారి సత్యభామను నెత్తిన పెట్టుకొన్నది మన తెలుగుదేశమే. అదే కాలంలో, 1919లో, నైజాం రాజ్యంలో వచ్చిన చట్టం ప్రకారం హిజ్రాలు ఆడవేషంతో వీధిలో కనిపించినా, ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది 2023లో! ఆ నూరేళ్లలో మనం ఎన్ని మహాసభలు జరుపుకొన్నామో, ఒక్క తీర్మానమైనా చేశామో లేదో పెద్దలు గుర్తుచేసుకోవాలి.

ఇదంతా పాశ్చాత్య బూర్జువా సరుకు అనే మిత్రులున్నారు. 1860లో 377వ సెక్షన్‌ను ఓడలో దింపిన దొరలు ఏ దిక్కునుంచి వచ్చారు? టాస్మేనియాకూ గుంటూరుకూ ఈ నేరాన్ని పంచిపెట్టినది ఒకే సామ్రాజ్యం. అక్కడ 1997లో పోయింది, ఇక్కడ 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పెద్దల పరస్పర సమ్మతి మేరకు తొలగించింది. అంటే దిగుమతి అయినది శిక్షే గాని ప్రేమ కాదు.

అయితే మిత్రుల అనుమానంలో ఒక పాలు నిజం ఉన్నదని ఒప్పుకోక తప్పదు. ‘నానెట్’ను 2018లో ప్రపంచమంతటా అమ్మినది నెట్‌ఫ్లిక్స్. 2021లో డేవ్ షాపెల్ ప్రదర్శన మీద ట్రాన్స్‌జెండర్లు నిరసన తెలిపినప్పుడు, తమ దగ్గర వైవిధ్యం ఉన్నదనడానికి ఆ కంపెనీ అధికారి గాడ్స్‌బీ పేరునే సాక్ష్యంగా చూపాడు. గాడ్స్‌బీ బహిరంగంగా దులిపేశారు. మరుసటి ఏడు అదే కంపెనీతో మళ్లీ ఒప్పందమూ చేసుకొన్నారు. పెట్టుబడి తిట్టునూ కొంటుంది, తిట్టినవారినీ కొంటుంది. అంతమాత్రాన తిట్టు అబద్ధమైపోదు. బజారులో అమ్ముడుపోయిన ప్రతి పుస్తకాన్నీ ఈ లెక్కన తోసిపుచ్చితే మన పుస్తకాల బీరువాలు ఖాళీ అవుతాయి.

నా సంగతీ చెప్పుకోవాలి. నా తరగతిలో సన్నని గొంతూ, ఒయ్యారపు నడకా గల కుర్రవాడు ఒకడుండేవాడు. ఇతరులు నవ్వకముందే తనమీద తానే హాస్యమాడేవాడు. వార్షికోత్సవంలో అతడే విదూషకుడు. నేను వీపు తట్టి మెచ్చుకొన్నాను. రెండో సంవత్సరంలో చదువు మానేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ‘నానెట్’ చూస్తూ ఉంటే ఆ చప్పట్లలో నా చేతుల చప్పుడు వినిపించింది.

ఈ ఏడు విద్యార్థుల నాటక పోటీకి వచ్చిన ఏకాంకికలు చదివే పని నాకు అప్పగించారు. ఒకదాన్ని తిప్పి పంపాను. “అదేమిటి సార్, అది మన అభ్యుదయ నాటకమే కదా” అని రాసిన పిల్లలు తగువుకు వచ్చారు. అభ్యుదయ నాటకమే. భూస్వామిని ఉతికి ఆరేసిన నాటకమే. అయితే ఆ భూస్వామిని నవ్వులపాలు చేయడానికి వారికి తోచిన ఉపాయం, అతని చేత నడుము తిప్పించి ఆడగొంతుతో మాట్లాడించడం. అతని వడ్డీలెక్కలో నవ్వు లేదా, దొంగ దస్తావేజులో లేదా అని అడిగాను. తిరగరాసుకొని వస్తామని పట్టుకుపోయారు.