వేసవి సెలవుల్లో అండమాన్ జలపాతాలా?

అండమాన్ ప్యాకేజీ కరపత్రాల మీద మెరిసే జలపాతం ఫొటో చాలావరకు వానాకాలంలో తీసింది. ఆ ప్యాకేజీని తెలుగు కుటుంబాలు ఎక్కువగా కొనేది ఎండాకాలంలో. ఏప్రిల్ ఆఖర్న పిల్లలకు బడి మూస్తారు. కేంద్ర ప్రభుత్వోద్యోగులకైతే ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) మీద విమానంలో అండమాన్ వెళ్లొచ్చే ప్రత్యేక వెసులుబాటు కూడా ఉంది. సెల్యులార్ జైలును, రాధానగర్ బీచ్‌ను ఏ నెలలో చూసినా తృప్తిగానే ఉంటుంది. జలపాతం సంగతి వేరు. అడవిలో చెమటలు కక్కుతూ నడిచి వెళ్లాక, నల్లటి బండ మీద జారే సన్నటి ధారను చూసి "ఇంతేనా" అనుకుని తిరిగొచ్చేవాళ్లు ఏటా ఉంటారు. తప్పు ఆ జలపాతానిది కాదు, ఆ నెలలో అక్కడికి తీసుకెళ్లినవాళ్లది.

దేశంలో నైరుతి రుతుపవనాలు మొదట తాకేది అండమాన్ సముద్రాన్నే, మామూలుగా మే మూడో వారంలో. అవి వెనుదిరిగే వేళకు ఈశాన్య రుతుపవనాలు అందుకుంటాయి. డిసెంబరు దాకా వానలే. ఏడాది మొత్తం మీద సుమారు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. అంటే అనంతపురంలో ఐదేళ్లకు పడే వాన అక్కడ ఒక్క ఏడాదిలోనే పడుతుంది. అయినా జనవరి నుంచి మే సగం వరకు వాన దాదాపు మొహం చాటేస్తుంది. దీవులు సన్నవి, కొండలు నిటారువి, గెడ్డలు పొట్టివి. కొండ మీద పడిన చినుకు కొన్ని గంటల్లోనే సముద్రంలో కలిసిపోతుంది. అండమాన్ వరకు కాస్తోకూస్తో నది అనదగింది ఉత్తర అండమాన్‌లోని కల్పాంగ్ ఒక్కటే. 732 మీటర్ల శాడిల్ పీక్ వైపు నుంచి పారే ఆ నది మీదే దీవుల్లోని 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఆధారపడింది. మిగతావన్నీ వాన ఉన్నన్నాళ్లు ఉరకలేసి, ఎండలు ముదిరేసరికి చిక్కిపోయే గెడ్డలే.

జలపాతాల కోసమే వెళ్లేవాళ్లకు లిటిల్ అండమాన్‌ను మించిన చోటు లేదు. దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు కానీ, జనం నోట ఇంకా పాత పేరే వినిపిస్తోంది. అక్కడి నుంచి లిటిల్ అండమాన్‌లోని హట్ బే జెట్టీకి ఓడలో సగం రోజు పడుతుంది. జెట్టీకి ఆరేడు కిలోమీటర్ల దూరంలో వైట్ సర్ఫ్ జలపాతం. ఇంకా లోపలికి, అడవిలో నడిచి చేరాల్సింది విస్పర్ వేవ్. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో వైట్ సర్ఫ్ దగ్గర నీళ్లు బండల అంచున తెల్లగా విచ్చుకుంటూ మడుగులోకి దూకుతాయి. చుట్టూ ఎత్తైన చెట్లు, వాటిని అల్లుకున్న తీగలు, కాలు పెడితే జారే నాచు, పిక్కల మీదకు పాకే జలగలు. ఇవన్నీ కలిస్తేనే అది జలపాతం. జలగలు వద్దు, నీళ్లు మాత్రం కావాలంటే కుదరదు. గెడ్డలు సముద్రంలో కలిసే చోట్ల ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి కాబట్టి, స్థానికులు దిగొద్దన్న చోట దిగకూడదు. ఈ ఒక్క మాట పాటించనివాళ్లకు ఆ దీవి క్షేమం కాదు.

మధ్య అండమాన్‌లోని రంగత్ దగ్గర పంచవటి జలపాతం కూడా వానల మీద ఆధారపడిందే. ఆ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు పర్ణశాల, శబరి అని వింటే భద్రాచలం వెళ్లొచ్చిన తెలుగువాళ్ల మనసు ఒక్కసారి అటు లాగుతుంది.

ఇంతకీ జలపాతం గొడవ సందర్శకుల సరదాతో ఆగేది కాదు. పోర్ట్ బ్లెయిర్ శివారు ఆస్టినాబాద్ లాంటి చోట్ల కాపురం ఉండేవాళ్లను అడిగితే తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో ప్రతి వంద మందిలో 13 మంది మాతృభాష తెలుగు. వాళ్లలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. పోర్ట్ బ్లెయిర్‌కు ప్రధానంగా నీళ్లిచ్చేది 1973లో కట్టిన ధనిఖారి డ్యామ్. తర్వాత దాని ఎత్తు పెంచినా కరువు ఏళ్లలో చాలలేదు. కొన్ని వేసవుల్లో మూడు నాలుగు రోజులకోసారి కుళాయి వచ్చిన సందర్భాలున్నాయి. రేకుల కప్పు చూరు కింద గొట్టం కట్టి, దాని చివర నీలం డ్రమ్ము పెట్టి, వాన నీటిని బట్టలకూ గిన్నెలకూ వాడుకోవడం అక్కడి గృహిణులకు అలవాటైన పని. మార్చి వచ్చేసరికి ఆ డ్రమ్ముల్లో అడుగే కనిపిస్తుంది. జలపాతం చిక్కిపోయే వారాలు, కుళాయి మొహం చాటేసే వారాలు, సందర్శకులు గుంపులుగా దిగే వారాలు, మూడూ ఒక్కటే.

ఆ గుంపులు ఇకముందు పెరుగుతాయే తప్ప తగ్గవు. 2023 జులై 18న వీర్ సావర్కర్ విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. ఏడాదికి 50 లక్షల మంది ప్రయాణికులకు సరిపోయేలా కట్టారు. 2011లో దీవులన్నిటి జనాభా 3.8 లక్షలు. విమానం దిగినవాళ్లు షవర్ కింద నిలబడతారు, హోటల్ దుప్పట్లు రోజూ ఉతుకుతారు. ఆ నీళ్లు కూడా అవే కొండల నుంచి రావాలి. కొత్త హోటల్‌కు అనుమతి ఇచ్చేముందు, వేసవి నాలుగు నెలలకు సరిపడా వాన నీటిని సొంతంగా నిల్వ చేసుకునే తొట్టి ఉందా అని అడగడం అన్యాయమేమీ కాదు. రేకుల ఇల్లు చేస్తున్న పని రిసార్టు చేయలేదా?

అంతకన్నా పెద్ద ప్రమాదం లిటిల్ అండమాన్ నెత్తిన ఉంది. అక్కడి అడవిని దశాబ్దాల పాటు కలప కోసం కొట్టారు, దుంగలు లాగడానికి ఏనుగులను దింపారు. 2002లో సుప్రీంకోర్టు ఆదేశాలు ఆ నరుకుడికి కళ్లెం వేశాయి. 2004 డిసెంబరు 26 సునామీ హట్ బేను ఛిన్నాభిన్నం చేసింది. అన్నీ తట్టుకున్న ఆ దీవి గురించి 2021లో నీతి ఆయోగ్ దార్శనిక పత్రం ఒకటి బయటికొచ్చింది. 700 చదరపు కిలోమీటర్ల చిల్లర ఉన్న దీవిలో 240 చదరపు కిలోమీటర్ల మేర కొత్త నగరం, విమానాశ్రయం, రిసార్టులు అందులోని ఊహ. అడవి కొట్టేస్తే వాన పడినప్పుడు నీళ్లు ఒక్క ఉదుటున మట్టితో సహా కొట్టుకుపోతాయి. వాన ఆగాక గెడ్డలో చుక్క ఉండదు. జలపాతాన్ని చూపించి జనాన్ని రప్పించాలనుకునేవాళ్లు, ఆ జలపాతాన్ని పుట్టిస్తున్నదే అడవి అన్న సంగతి మరచిపోకూడదు. ఆ అడవిలోనే ఒంగే తెగవారు వంద మందికి కాస్త పైబడి మిగిలారు. 1956 నాటి రక్షణ నిబంధన ప్రకారం వాళ్ల రిజర్వులోకి బయటివాళ్లు అడుగుపెట్టకూడదు. ఆ గీత ఒక్క అంగుళం కూడా జరగకూడదు.

అయితే వానాకాలంలో వెళ్లడమూ ఆటేం కాదు. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతానికి వెళ్లిన ఎనభై మంది దాకా వాగు పొంగి అడవిలో చిక్కుకుంటే ఎన్‌డీఆర్‌ఎఫ్ వచ్చి బయటికి తీయాల్సి వచ్చింది. కుంటాల జలపాతం దగ్గర మునిగిపోయినవాళ్ల వార్తలు తెలుగు పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. అండమాన్‌లోనైతే సముద్రం రేగితే హట్ బే ఓడ రద్దవుతుంది. రెండు రోజులు అక్కడే ఉండిపోవాల్సి రావచ్చు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం కూడా.

అందుకే డిసెంబరు నెలా, జనవరి మొదటి సగమూ అన్నిటికన్నా మేలు. వానలు వెనక్కి తగ్గుతాయి, సముద్రం కాస్త నెమ్మదిస్తుంది, గెడ్డల్లో నీళ్లింకా ఇంకిపోవు. సంక్రాంతి సెలవులు ఎటూ ఉన్నాయి. మే నెలలోనే వీలు చిక్కేవాళ్లు జలపాతాల ఆశ వదిలేసి, పగడాలూ జైలూ చూసి, హోటల్లో నీళ్లు పొదుపుగా వాడి రావడం మర్యాద. అండమాన్ పర్యాటక శాఖ తన ప్రతి కరపత్రంలో జలపాతం బొమ్మ పక్కనే అది నిండుగా పారే నెలలేవో అచ్చు వేయాలి. హట్ బే ఓడ టికెట్లిచ్చే కౌంటర్ దగ్గర హిందీ, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగులోనూ ఆ నెలల పేర్లతో ఒక బోర్డు పెట్టాలి.