ఆడపిల్ల చదువు సరే, ఆ తరువాతి గంటలు ఎవరివి?

కర్ణాటకలోని కోలారు జిల్లాలో, కురుడుమలె, ముళబాగిలు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఉద్యోగంలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన ఆడపిల్లలు ఇవాళ బెంగళూరు ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, నరసాపుర పారిశ్రామికవాడలో ఉన్నారు. ఆడపిల్లను చదివించాలా వద్దా అన్న వాదన కోలారు జిల్లాలో చాలామటుకు ముగిసినట్టే. టమోటా తోటల మీద, పట్టుపురుగుల పెంపకం మీద, డెయిరీకి పోసే పాల మీద వచ్చిన డబ్బుతోనే తల్లిదండ్రులు కూతుళ్ళను ఇంజనీర్లనూ నర్సులనూ చేస్తున్నారు. చిక్కు ఆ తరువాత వస్తోంది. అమ్మాయి పైకి వచ్చేకొద్దీ ఆమెకు ఎదురయ్యే మొదటి ప్రశ్న, ‘ఇల్లూ ఉద్యోగమూ రెండూ ఎలా చూసుకుంటావు?’ అన్నది. అడిగేవాళ్ళ మనసులో చెడు లేకపోవచ్చు. కానీ రెంటినీ నడపడం ఆమె ఒక్కదాని నేర్పు మీద ఆధారపడిన విషయమని ఆ ప్రశ్న ముందే తేల్చేస్తుంది. ఈ వ్యాసం వాదించేది దానికి విరుద్ధమైన సంగతి. ఇది నేర్పుకు సంబంధించినది కాదు, గంటలకు సంబంధించినది. ఇంట్లో ఎవరి గంటలు ఎవరికి ఖర్చవుతున్నాయి, పనిచేసే చోట గంటలను నిర్ణయించే అధికారం ఎవరిది అన్న రెండు విషయాల మీదే అంతా నిలబడి ఉంది.

ముళబాగిలు తాలూకాలో పుట్టి దేశమంతా పేరు తెచ్చుకున్న స్త్రీ అనగానే మనకు గుర్తొచ్చేది నటి సౌందర్య. వైద్యవిద్య మధ్యలో మానేసి 1992లో కన్నడ చిత్రాల్లోకి వచ్చి, ‘అమ్మోరు’, ‘అంతఃపురం’ లాంటి సినిమాలతో తెలుగువాళ్ళ ఇంటి మనిషి అయ్యారు. అంతటితో ఆగలేదు. గిరీశ్ కాసరవళ్ళి దర్శకత్వంలో ‘ద్వీప’ను స్వయంగా నిర్మించారు, దానికి జాతీయ ఉత్తమ చిత్రం పురస్కారం వచ్చింది. 2003లో పెళ్ళయింది. ఏడాది తిరక్కుండానే, 2004 ఏప్రిల్ 17న, ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయలుదేరిన చిన్న విమానం బెంగళూరులో కూలిపోయి ఆమె కన్నుమూశారు. ఆ విమానంలో అన్న అమరనాథ్ కూడా ఉన్నారు. తండ్రి సత్యనారాయణ సినిమా రంగంలోని మనిషే. ఆమె ప్రతిభకు సాటి లేదు, అందులో రెండో మాట లేదు. అయితే ఆ ప్రతిభ వెనక, ఆ పని స్వభావం తెలిసి, దాన్ని కుటుంబం పనిగా భావించి వెంట నడిచిన మనుషులున్నారు. అంతకు ముందు తరంలో భానుమతి సంగతీ ఇంతే. 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తానే దర్శకత్వం వహించి తీశారు. నటన, పాట, కథారచన, సంసారం అన్నీ నడిపారు. ఆమె గడుసుదనాన్ని మెచ్చుకునేవాళ్ళు ఒక్క విషయం వదిలేస్తారు. భర్త రామకృష్ణతో కలిసి నెలకొల్పిన స్టూడియో వాళ్ళ సొంతం, కొడుకు పేరు మీదే దానికి భరణి అని పేరు. షూటింగు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పగల స్థానంలో ఆమె ఉన్నారు. ఉద్యోగం చేసే స్త్రీలలో ఎందరికి ఆ అధికారం ఉంది?

అమెరికా ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్‌కు 2023లో నోబెల్ బహుమతి వచ్చింది ఉద్యోగ రంగంలో స్త్రీల స్థితి మీద చేసిన పరిశోధనకే. రెండు వందల ఏళ్ళ లెక్కలు తిరగేసి ఆమె చూపించింది ఏమిటంటే, ఒకే చదువు, ఒకే ఉద్యోగం ఉన్న స్త్రీపురుషుల జీతాల మధ్య తేడా ఇవాళ ఎక్కువగా మొదటి బిడ్డ పుట్టాకే మొదలవుతుంది. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చేవాళ్ళకు, రాత్రి పదింటికి ఫోను ఎత్తేవాళ్ళకు కంపెనీలు చాలా ఎక్కువ ఇస్తాయి. ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు ఇద్దరూ అలా ఉండలేరు. ఒకరు తగ్గాలి. తగ్గేది ఎవరో మనకు చెప్పనక్కర్లేదు. మన దేశం లెక్కలు దీన్ని ఇంకా కటువుగా చెబుతాయి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు పెడుతున్నది 88 నిమిషాలు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే స్త్రీలు నూటికి 81 మంది పైగా ఉంటే, మగవాళ్ళు 27 మందే. తేడా రోజుకు మూడు గంటలు దాటింది. ఏ వృత్తిలోనైనా పై మెట్టుకు ఎక్కించే చదువు, పరీక్షలు, పరిచయాలు అన్నీ ఆ మూడు గంటల్లోనే సాగుతాయి.

కోలారు జిల్లాలో దీనికి దూరం కూడా తోడైంది. కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాక అక్కడి మనుషులకు బతుకుతెరువు బెంగళూరే అయింది. అక్కడి మారికుప్పం స్టేషను నుంచి తెల్లవారకముందే బయలుదేరే రైళ్ళలో వెళ్ళి చీకటిపడ్డాక తిరిగొచ్చే స్త్రీకి 289 నిమిషాల ఇంటి పని ఎక్కడ ఇమడాలి? నిద్రలోంచే తీసుకోవాలి. గనులు నడిచిన కాలంలోనూ స్త్రీలకు దారి మూసే ఉంది. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో స్త్రీలకు ఉద్యోగం ఇవ్వడాన్ని నిషేధించింది. 2019లో కేంద్రం ఆ నిబంధన సడలించేసరికి కేజీఎఫ్‌లో దిగడానికి గనే లేదు. అంటే గనుల పట్టణంలో పుట్టిన ఆడపిల్లకు మైనింగ్ ఇంజనీరు కావాలన్న కోరిక ఉన్నా, చట్టమే అడ్డంగా నిలిచింది. ఇలాంటి అడ్డంకిని ఏ వ్యక్తిగత నేర్పు దాటగలదు?

ఇది పట్నంలో పెద్ద జీతాల వాళ్ళ గోల అనీ, మల్బరీ ఆకు కోసి పురుగులకు మేత వేసే స్త్రీకి ఇలాంటి చింతలు లేవనీ అనేవాళ్ళున్నారు. ఈ మాట నిలవదు. చంటిబిడ్డను ఎవరి దగ్గర వదలాలన్న చిక్కు మేనేజరుకూ ఉపాధి హామీ కూలికీ ఒకటే. తేడా ఏమిటంటే మొదటామె ఆయాను పెట్టుకోగలదు, ఆ ఆయా తన బిడ్డను ఇంకెక్కడో వదిలి వస్తుంది. అవ్వాతాతలు ఉన్నారు కదా అన్నది రెండో మాట. నిజమే, ఈ జిల్లాలో ఉద్యోగం చేసే ఎందరో తల్లులను నిలబెట్టింది వాళ్ళ అమ్మలూ అత్తలే. ఆ రుణం చిన్నది కాదు. కానీ ఆ ఏర్పాటులో భారం ఒక స్త్రీ నుంచి మరో స్త్రీకి, అదీ మోకాళ్ళు నొప్పులు పుట్టే వయసులో ఉన్నామెకు, మారిందే తప్ప తగ్గలేదు.

ఇంటినే ఎంచుకునే స్త్రీలు లేరా, వాళ్ళ ఇష్టాన్ని కాదనడానికి మనమెవరం అన్న ఆక్షేపణ వీటన్నిటికంటే బరువైనది. ఇష్టపడి ఇంట్లో ఉండే స్త్రీని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఎంపిక అనాలంటే రెండు దారులూ తెరిచి ఉండాలి. భర్త ఉద్యోగం ఊరు మారితే ఆమె ఉద్యోగం మానడం, బిడ్డకు జ్వరమొస్తే ఆమె మాత్రమే సెలవు పెట్టడం ఇవన్నీ ఎవరూ అడగకుండానే జరిగిపోతున్నప్పుడు అక్కడ ఎంపిక జరగలేదు, అలవాటు నెగ్గింది. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచిన చట్టం మంచిదే. కానీ ప్రైవేటు రంగంలో తండ్రికి అలాంటి సెలవు ఇవ్వాలన్న చట్టం లేకపోవడంతో, బిడ్డ ఖరీదు ఆడ ఉద్యోగి ఖాతాలోనే పడుతోంది. సెలవు ఖర్చుకు జంకి ఆడవాళ్ళను తీసుకోని యాజమాన్యాలకు జవాబు ఆ సెలవు తగ్గించడం కాదు, తండ్రికీ ఇవ్వడం.

ప్రభుత్వం పూనుకుంటే గంటలు మిగులుతాయా అంటే, కొంత మిగులుతాయి. 2023 జూన్ 11న కర్ణాటకలో మొదలైన శక్తి పథకం ప్రభుత్వ బస్సుల్లో స్త్రీల ప్రయాణం ఉచితం చేసింది. డబ్బు అడ్డం తొలగింది. ఇక కావలసింది సాయంత్రం వేళ బస్సులు, కూలి తల్లుల కోసం తెచ్చిన కూసిన మనె శిశుకేంద్రాలు ఉద్యోగపు వేళలకు సరిపడా తెరిచి ఉండడం, యాభై మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలన్న చట్టాన్ని నరసాపుర, వేమగల్ కంపెనీల్లో అధికారులు కచ్చితంగా తనిఖీ చేయడం. ఎన్నికల ప్రచారాన్ని కురుడుమలె గణపతి సన్నిధి నుంచి మొదలుపెట్టే నాయకులు చాలామందే. ఈసారి వచ్చినప్పుడు ఈ మూడింటి మీద మాట ఇమ్మని ఊళ్ళో ఆడవాళ్ళు అడగాలి. ఇక ఇంటి సంగతి ఏ ప్రభుత్వమూ తీర్చలేదు. సంబంధం మాట్లాడుకునేటప్పుడు ‘పెళ్ళయ్యాక ఉద్యోగం చేస్తావా?’ అని అమ్మాయిని అడుగుతున్నాం. ‘ఇంటి పనిలో నువ్వు రోజుకు ఎన్ని గంటలు చేస్తావు?’ అని అబ్బాయిని కూడా, అతని తల్లిదండ్రుల ఎదుటే, అడగండి.