బోదకాలుకి కర్మ లేదు, కారణం ఉంది

మా పేటలో ఏ పెళ్ళి జరిగినా ఒక పెద్దమ్మ గోడవారనే కూర్చుంటుంది. చీర కిందికి లాగి కాలు దాచుకుంటుంది. నలభై ఏళ్ళు నాట్లేసిన కాలది. ఇవాళ నలుగురిలోకి రావడానికి సిగ్గుపడుతోంది. అడిగితే "ఏ జన్మలో చేసుకున్న పాపమో నాయనా" అంటుంది.

ఈ మాట ఎవరు నేర్పారు? మన పుట్టుకని పాపమన్నవాళ్ళే మన జబ్బునీ పాపమన్నారు. మొదటిది నమ్మడం మానేశాం. రెండోది ఇంకా ఎందుకు మోస్తున్నాం?

అసలు సంగతి ఇదీ. బోదకాలు దారంలాంటి సన్నని పురుగువల్ల వస్తుంది. మురుగునీళ్ళలో పుట్టే క్యూలెక్స్ దోమ ఒకరి రక్తంలోంచి పురుగు పిల్లల్ని తీసుకుని ఇంకొకరికి అంటిస్తుంది. ఆ పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని 1877లోనే పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు చైనాలో కనిపెట్టాడు. పురుగులు మనిషి ఒంట్లో ఏళ్ళ తరబడి బతికి, ఒంట్లో రసం పారే నాళాల్ని పాడుచేస్తాయి. అందుకే కాలు వాస్తుంది. మగవాళ్ళకి వరిబీజం, అదే మనం బుడ్డ అనేది, వస్తుంది. పురుగు పిల్లలు రక్తంలో తిరిగేది రాత్రిపూట. అందుకే రక్తపరీక్షకి రాత్రే వస్తారు. తలుపు తట్టారని కోప్పడకండి.

దీనికి మందు డి.ఇ.సి. మాత్ర. 1947 ప్రాంతంలో అమెరికాలో దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద, మన గోదావరి ఆవల భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 2004 నుంచి బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి మాత్రలు పంచే కార్యక్రమం సర్కారు పెట్టింది. మనోళ్ళు చాలామంది తీసుకుని చూరులో దోపారు. బాగానే ఉన్నాం కదా, మాత్రెందుకని. పైకి ఏమీ లేనివాళ్ళ రక్తంలోనూ పురుగు పిల్లలుంటాయి. మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తే పురుగులు చస్తున్నాయని గుర్తు. అవి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళకి ఇవ్వరు. మిగతావాళ్ళు అన్నం తిన్నాక మింగాలి.

అనుమానం ఊరికే రాలేదు. చెయ్యి పట్టి చూడకుండా దూరం నుంచే చీటీ రాసిచ్చిన డాక్టర్ని మేమూ చూశాం. కానీ ఆ కోపం మాత్రమీద చూపిస్తే నష్టం మనకే.

ముదిరిన వాపు మాత్రతో పోదు. అలాగని వదిలెయ్యకండి. రోజూ సబ్బుతో, శుభ్రమైన నీళ్ళతో కాలు కడగండి. వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తని గుడ్డతో అద్దండి. పాచిన చోట, పుండు పడిన చోట డాక్టరు చెప్పిన మందు రాయండి. కూర్చున్నా పడుకున్నా కాలు ఎత్తున పెట్టండి. ఇలా చేస్తే మాటిమాటికీ వచ్చే చలిజ్వరం తగ్గుతుంది. వాపూ ముదరదు. బుడ్డకి ఆపరేషన్ ఉంది, గవర్నమెంటు ఆసుపత్రిలో అడగండి. వాతలు, పసర్లు పుండు చేస్తాయే తప్ప నయం చెయ్యవు.

దోమకి కులం లేదంటారు. మురుక్కి ఉంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట పక్క ఊళ్ళు తిరిగి చూడండి. ఊరు మెరకన, పేట పల్లాన. ఊరి మురుగు దిగొచ్చి మన గుమ్మాల ముందు నిలుస్తుంది. కొబ్బరి డొక్కలు నానబెట్టే గుంటలూ మన ఇళ్ళ పక్కనే. తోటలు వాళ్ళవి, కూలి మనది, దోమలూ మనకే!

2022లో మన జిల్లాకి అంబేద్కర్ పేరు వచ్చింది. ఆ పేరు వద్దని అమలాపురంలో నిప్పుపెట్టడమూ చూశాం. పేరు బోర్డుమీద ఉంటే చాలదు, మురుగు కాలువలో పనిగా కనపడాలి. 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు దగ్గర మంచినీళ్ళ హక్కు కోసం నిలబడ్డాడు. మురుగునీళ్ళు మన గుమ్మం వదిలిపోవడమూ ఆ హక్కులో భాగమే.

ఇది సాధ్యమా అంటారా? శ్రీలంకలో బోదకాలు ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అక్కడా కొబ్బరితోటలే, అక్కడా వానలే.

అక్కల్లారా, అన్నల్లారా! వచ్చే గ్రామసభకి పేటంతా కదిలి వెళ్ళండి. మురుగు కాలువ కోసం అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మాత్రలు తెచ్చిన రోజు చదువుకున్న పిల్లలు ఇల్లిల్లూ తిరిగి దగ్గరుండి మింగించండి. ఈసారి పెళ్ళిలో ఆ పెద్దమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టండి. దాచుకోవాల్సిన సిగ్గు ఆమెది కాదు.

జై భీమ్!