కరువులో ఒంగోలు, లేఆఫ్‌లలో ఖాజాగూడ

హైదరాబాద్‌లోని ఖాజాగూడ, నానక్‌రాంగూడ అపార్ట్‌మెంట్లలో జరిగే కుటుంబ ప్రార్థనల్లో ఇప్పుడు ముందుగా వినిపించే మనవి ఉద్యోగం గురించే. 2025 జూలైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా సిబ్బందిని తగ్గిస్తామని ప్రకటించాక ఆ భయం ఇంకా పెరిగింది. ఈఎంఐ తేదీ దగ్గర పడుతుంటే దేవుడు చూసుకుంటాడని నమ్మి నిద్రపోవడం తేలిక కాదు.

ఇలాంటి వేళ నాకు ఒంగోలు గుర్తొస్తుంది. తెలుగువాళ్ల మధ్య అమెరికన్ బాప్టిస్టుల పని 1836లో మొదలైంది. పదిహేడేళ్లు గడిచినా చేతికి అందిన ఫలం స్వల్పం. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన బాప్టిస్టుల సభలో ఈ మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యువెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. వాళ్లు అడిగిన ఆ సేవకుడు, జాన్ క్లౌ, అక్కడికి చేరింది 1866లో! ఈలోపు అమెరికాలో మళ్లీ మూసివేత మాట వస్తే, అప్పుడు అక్కడే ఉన్న జ్యువెట్ ఒక్కడినైనా తిరిగి వెళ్తానని పట్టుబట్టాడు. 1865లో క్లౌను వెంటబెట్టుకుని భారతదేశానికి వచ్చాడు.

తర్వాత 1876–78 ధాత కరువు. క్లౌ దొర ఒకప్పుడు సర్వేయరు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తెలుగు బోధకులే దగ్గరుండి పని చేయించారు. కూలికి వచ్చినవాళ్లలో చాలామంది మాదిగలు. బాప్తిస్మం ఇమ్మని అడిగినా కరువు సాగినంతకాలం ఇవ్వలేదు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న నింద వాళ్ల మీద పడకూడదని ఆయన పట్టుదల. సహాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

సాక్ష్యాల్లో ఆ సంఖ్యే చెప్పుకుంటాం. బాప్తిస్మం ఆపిన ఆ కరువు నెలలే నాకు అంతకన్నా గొప్పగా కనిపిస్తాయి. ఆ ఆకలికీ మన ఈఎంఐలకూ పోలిక లేదు, నిజమే. అయినా దేవుడి మీద నమ్మకాన్ని కూలితో ముడిపెట్టకుండా, అదే చేత్తో పక్కవాడికి కూలి వెతికిపెట్టిన తీరు మనకు కావాలి. మన సంఘాల్లో ఆఫర్ లెటర్ వచ్చినవాళ్లు మైకు ముందుకొస్తారు. ఉద్యోగం పోయినవాళ్లు ఎవరైనా అడుగుతారేమోనని ఆరాధనకే రావడం మానేస్తారు.

ఈ ఆదివారం మీ వరుసలో ఎవరు కనిపించడం లేదో చూడండి. వాళ్లింటికి వెళ్లండి. కలిసి ప్రార్థించండి. రెజ్యూమే అడిగి తీసుకుని మీ ఆఫీసులో రిఫర్ చేయండి. పిల్లల స్కూలు ఫీజు ఆగిపోయి ఉంటే సంఘం తరఫున కట్టించండి.