మునుగువానిని మొదట ఒడ్డునకు చేర్చుము

ప్రియ చదువరీ, నీ ఊరి బావిలో ఒకడు పడి కేకలు వేయుచున్నాడనుకొనుము. నీవు త్రాడు వేయుదువా, లేక "వీని నొకని పైకి లాగినయెడల రేపు పదిమంది దూకుదురు" అని గట్టున కూర్చుండి లెక్కలు కట్టుదువా? ఇటలీ దేశపు ప్రభుత్వములు కొన్ని యేండ్లుగా ఈ లెక్కయే కట్టుచున్నవి.

2013 అక్టోబరు 3వ తేదీన ఆఫ్రికా తీరమునుండి వచ్చుచున్న పడవ యొకటి లాంపెడూసా ద్వీపపు దాపున మునిగి 360 మందికి పైగా చనిపోయిరి. అప్పుడు ఇటలీ సిగ్గుపడి తన యుద్ధనౌకలను రక్షణకై పంపెను. ఒక సంవత్సరములో ఇంచుమించు లక్షా యాభైవేల మంది ఒడ్డు చేరిరి. అది ఘనమైన పని. అయితే "ఖర్చు హెచ్చు, రక్షించుకొలది వచ్చువారు పెరుగుదురు" అని 2014 చివర దానిని మానివేసిరి. రాక ఆగెనా? ఆగలేదు. 2015లోను లక్షన్నర మందికి పైగా వచ్చిరి. ఆ యేప్రిలులో ఒక్క పడవతోనే 800 మందికి పైగా నీటి పాలైరి.

జనులను లిబియాకు మరలగొట్టుట తప్పని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానము 2012లోనే ఇటలీకి తీర్పు చెప్పియుండెను. అయినను 2017లో లిబియాతో ఒడంబడిక చేసికొని, అక్కడి తీర రక్షకులకు పడవలిచ్చి, పారిపోవువారిని పట్టి వెనుకకు కొనిపోనిచ్చిరి. అక్కడి నిర్బంధ శాలలలో కొట్టుటయు, సొమ్ము గుంజుటయు జరుగుచున్నవని ఐక్యరాజ్యసమితివారే వెల్లడించిరి. తాను చేయరాని పనిని పొరుగువానిచేత చేయించినంత మాత్రమున చేతులు శుభ్రమగునా?

"దేశమునకు హద్దులు వలదా?" అని అడుగుదువేమో. వలయును. ఎవరు నిలువవచ్చునో, ఎవరు తిరిగి పోవలెనో విచారింపవచ్చును. సొమ్ము తీసికొని కుళ్లిన పడవలెక్కించు దళారులను శిక్షింపవలెను. కాని ఆ విచారణ ఒడ్డున జరుగవలెను గాని నీటిలో కాదు.

ఆ సముద్రమందే పౌలు ఎక్కిన ఓడ పగిలినప్పుడు 276 మంది మెలితే ద్వీపమున ఒడ్డెక్కిరి. వారిలో ఖైదీలు నుండిరి. ద్వీపవాసులు ఎవరి నేరమేదని అడుగలేదు. వానకు, చలికి వణకుచున్నవారికి మొదట నిప్పు రాజవేసిరి.

చదువరీ, ఆ పడవలను నీవు చూడలేదు. అయినను అవి మునిగిన వార్త విని "వారిని ఎవరు రమ్మనిరి?" అను మాట నీ నోట వచ్చినయెడల, నీవును గట్టుననే కూర్చున్నావు. లెమ్ము, త్రాడు తీసికొనుము.